క్రిస్మస్ తాత రిటైరైతే...!

ఇక ఉద్యోగం చాలనిపిస్తోంది. ఒంట్లో మునుపటి ఓపిక లేదు. రాబోయే పుట్టినరోజుకు అరవై అయిదు నిండుతాయి. పిల్లలిద్దరూ క్వార్టర్స్‌లోనే పెరిగారు. బయట జనం ఎలా బతుకుతారో వాళ్లకు తెలీదు. భార్య ఒకప్పుడు స్కూలు ప్రిన్సిపాలు. ఆయన్ని చేసుకున్నాక అన్నీ వదిలేసి ఇక్కడికి వచ్చేసింది. పోనీ మానేద్దామంటే ఆ కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టాలి? పెద్దకొడుకు నావల్ల కాదంటాడు. చిన్నవాడికి ఇంకా మీసాలైనా రాలేదు.

ఏ ప్రాజెక్టు కాలనీలోనో రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్దమనిషి ఇంటి ముచ్చటలా ఉంది కదూ? కానీ ఈయనగారి క్వార్టర్స్ ఉత్తర ధ్రువంలో ఉంది. యూనిఫాం ఎర్రకోటు, ఎర్రటోపీ. ఫీల్డు డ్యూటీ ఏడాదికి ఒక్క రాత్రి. ఆ ఒక్క రాత్రిలోనే ప్రపంచంలోని పిల్లలందరి ఇళ్లకూ వెళ్లి రావాలి, అదీ చిక్కు!

అవును, శాంటాక్లాజే. ఆయన రిటైర్మెంటు కష్టాల మీద డిస్నీ ఓ టీవీ సిరీస్ తీసింది. పేరు ‘ది శాంటా క్లాజెస్’. 2022 నవంబరు 16న డిస్నీ ప్లస్‌లో మొదలైంది. 2023 డిసెంబరు 6న రెండో సీజనూ పూర్తయింది. సీజనుకు ఆరు చొప్పున మొత్తం 12 ఎపిసోడ్లు. అమెరికాలో మూడు తరాలు కలిసి కూర్చుని చూసే సరుకు ఇది. ఎందుకంటే ఈ కథ 2022లో పుట్టింది కాదు. దీని వేళ్లు 1994లో ఉన్నాయి.

సూటు తెచ్చిన తంటా

శాంటాక్లాజ్ పేరులోని ‘క్లాజ్’కు ఇంగ్లిషులో చివర ‘ఇ’ అనే అక్షరం తగిలిస్తే అర్థం మారిపోతుంది. ఒప్పంద పత్రంలో ఉండే ‘నిబంధన’ అవుతుంది. లాయర్లు చిన్న అక్షరాల్లో ఇరికిస్తారే, అలాంటిది. లియో బెన్వెనూటీ, స్టీవ్ రుడ్నిక్ అనే ఇద్దరు రచయితలు ఆ ఒక్క అక్షరం తేడాను పట్టుకుని సినిమా కథ అల్లేశారు. అదే జాన్ పాస్కిన్ దర్శకత్వంలో 1994 నవంబరులో వచ్చిన ‘ది శాంటా క్లాజ్’.

హీరో స్కాట్ కాల్విన్ (నటుడు టిమ్ అలెన్) ఓ బొమ్మల కంపెనీలో పెద్ద ఉద్యోగి. ఊళ్లో పిల్లలందరికీ బొమ్మలు అమ్ముతాడు గానీ సొంత కొడుకు చార్లీతో గడపడానికి తీరిక ఉండదు. భార్య లారా విడాకులు తీసుకుని నీల్ అనే సైకియాట్రిస్టును పెళ్లాడింది. క్రిస్మస్ ముందురాత్రి కొడుకును తండ్రి దగ్గర దింపి వెళుతుంది. నాన్న వండిన టర్కీ కోడి కాస్తా బొగ్గయిపోతుంది. తెరిచి ఉన్న హోటలు కోసం ఊరంతా తిరుగుతారు. ఆ పిల్లాడికి ఎప్పుడెప్పుడు అమ్మ దగ్గరికి వెళ్లిపోదామా అని ఉంటుంది. పెద్ద డైలాగులేమీ లేకుండానే ఆ తండ్రీకొడుకుల మధ్య ఎంత దూరం ఉందో తెలిసిపోతుంది.

అర్ధరాత్రి ఇంటి కప్పు మీద చప్పుడు. దొంగేమోనని స్కాట్ బయటికొచ్చి గట్టిగా అరుస్తాడు. పైనున్న మనిషి ఉలిక్కిపడి జారి కింద పడతాడు. తీరా చూస్తే శాంటా! కాసేపటికి మనిషి మాయం, బట్టలు మాత్రం మిగులుతాయి. వాటిలో ఓ కార్డు. తనకేమైనా అయితే ఈ సూటు వేసుకొమ్మనీ, ఆ తర్వాత ఏం చేయాలో జింకలకు తెలుసనీ దాని మీద రాసి ఉంటుంది. చార్లీ మొండిపట్టుతో స్కాట్ సూటు వేసుకుంటాడు. అంతే! జింకలు బండిని గాల్లోకి లేపుతాయి.

తెల్లవారేలోగా పిల్లలకు బహుమతులు పంచి ఉత్తర ధ్రువం చేరాక బెర్నార్డ్ అనే కుర్రాడు అసలు సంగతి చెబుతాడు. చూడ్డానికి కుర్రాడే, వయసు వందల ఏళ్లు. శాంటా దగ్గర పనిచేసే ‘ఎల్ఫ్’ల బృందానికి పెద్ద. ‘సూటు తొడుక్కున్నావంటే ఉద్యోగానికి ఒప్పుకున్నట్టే’ అన్నది అతను చెప్పే మాటల సారాంశం. కార్డు మీద కంటికి ఆనని చిన్న అక్షరాల్లో ఆ నిబంధన ఉంది మరి! ఇంటికెళ్లి పనులన్నీ చక్కబెట్టుకోవడానికి పదకొండు నెలలు గడువు.

అక్కణ్నుంచి అసలు వినోదం. స్కాట్‌కు రోజురోజుకూ పొట్ట పెరుగుతుంది. పొద్దున గీసిన గడ్డం మరుక్షణం మళ్లీ మొలుస్తుంది. జుట్టు నెరుస్తుంది. ఆడుకునే పిల్లలు ఆట ఆపి వచ్చి ఒళ్లో కూర్చోవడానికి వరుస కడతారు. థియేటర్లో పిల్లలు పడీపడీ నవ్వేది ఇక్కడే.

పెద్దవాళ్లు మాత్రం అప్పుడు వేరే కథ చూస్తుంటారు. విడాకులు తీసుకున్న ఓ మగాడు ఉన్నట్టుండి బరువు పెరిగి, గడ్డం పెంచి, తాను శాంటాక్లాజ్‌నని కొడుకుతో నమ్మిస్తున్నాడు... లారాకూ నీల్‌కూ కనిపించేది అదే. బయటివాళ్లు ఎవరైనా ఏమనుకుంటారు? మతి చలించిందనే. వ్యవహారం కోర్టుకెక్కుతుంది. కొడుకును కలవడానికి వీల్లేదని తీర్పు. ఈ సినిమాలో విలన్ లేడు. లారా చెడ్డది కాదు, నీల్ దుర్మార్గుడు కాదు. ఇద్దరూ పిల్లాడి మంచే కోరుతున్నారు. అందుకే ఆ కోర్టు సీను అంత బరువుగా ఉంటుంది.

చివరికి స్కాట్ వాళ్లిద్దరికీ రెండు పొట్లాలు ఇస్తాడు. నీల్‌కు చిన్నప్పుడు ఓ ఈల బొమ్మ కావాలని ఉండేది. అది రాని ఏడాదే శాంటా మీద నమ్మకం పోయింది. లారాకు రాని బహుమతి ఓ బోర్డు గేమ్. ఏళ్ల కిందట రావలసిన ఆ రెండూ ఇప్పుడు చేతిలో పడతాయి. లారా ఆ కోర్టు కాగితాలను పొయ్యిలో వేసేస్తుంది. తర్వాత స్కాట్, లారా మళ్లీ ఒకటవుతారేమో అనుకుంటాం. కారు! నీల్‌తో ఆమె సంసారం అలాగే సాగుతుంది. పండగ సినిమాలో డిస్నీవాళ్లు ఆ పాటి నిజాయతీ చూపించడం మెచ్చుకోవాల్సిన విషయమే. అంతకు ముందు ఏడాదే వచ్చిన ‘మిసెస్ డౌట్‌ఫైర్’ కూడా అలాగే ముగుస్తుంది. అమెరికాలో విడాకుల ఇళ్లలో పెరుగుతున్న పిల్లలకు అబద్ధం చెప్పి లాభం లేదని హాలీవుడ్‌కు అప్పటికి అర్థమైనట్టుంది.

నవ్వుకోవాల్సిన మరో సంగతి. సినిమాలో స్కాట్ వెటకారంగా ఓ ఫోన్ నంబరు అంటాడు. రచయితలు ఊరికే నోటికొచ్చింది రాశారు. తీరా చూస్తే అది పెద్దల కోసం నడిచే ఓ ఫోన్ సర్వీసుది! పిల్లలు విని డయల్ చేసిన సంగతి బయటపడ్డాక, తర్వాత వచ్చిన వీడియో కాపీల్లోంచి ఆ మాట తీసేశారు.

ఒకే వారం మూడు నంబర్ వన్‌లు

సుమారు 2.2 కోట్ల డాలర్లు పెట్టి తీసిన ఆ సినిమా ప్రపంచవ్యాప్తంగా దాదాపు 19 కోట్ల డాలర్లు తెచ్చింది. టిమ్ అలెన్‌కు అప్పుడు పట్టిందల్లా బంగారం. 1994 నవంబరులో ఒకే వారంలో సినిమాల్లో ‘శాంటా క్లాజ్’, టీవీలో అతని ‘హోమ్ ఇంప్రూవ్‌మెంట్’, పుస్తకాల్లో అతను రాసిన హాస్య పుస్తకం... మూడూ మొదటి స్థానంలో నిలిచాయి. మరుసటేడు ‘టాయ్ స్టోరీ’లో బజ్ లైట్‌ఇయర్‌కు గొంతు ఇచ్చాడు. ఆ బొమ్మను గుర్తుపట్టని పిల్లలు మన ఇళ్లలో కూడా ఉండరు.

ఈ వెలుగుకు వెనక కొంత చీకటి ఉంది. అలెన్‌కు పదకొండేళ్లప్పుడు తండ్రి రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. కుర్రతనంలో మాదకద్రవ్యాల కేసులో పట్టుబడి రెండేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. 1981లో బయటికొచ్చి, స్టేజి మీద జోకులు చెప్పి నిలదొక్కుకున్నాడు. తండ్రి లేకుండా పెరిగిన పిల్లాడు, దూరమైన కొడుకు దగ్గరికి తిరిగి చేరే తండ్రి పాత్రతో సినిమా తార కావడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ కొడుకును కోర్టు దూరం చేసినప్పుడు ఆ మొహంలో కనిపించే బెదురు మేకప్ సామాను తెచ్చిపెట్టింది కాదు.

తర్వాతి రెండు సినిమాల గురించి ఎక్కువ చెప్పుకోనవసరం లేదు. 2002లో వచ్చిన రెండోదాంట్లో ఇంకో నిబంధన బయటపడుతుంది. శాంటాకు భార్య ఉండి తీరాలి, క్రిస్మస్ ముందురాత్రిలోగా పెళ్లి కాకపోతే ఉద్యోగం ఊడుతుంది! చార్లీ చదివే స్కూలు ప్రిన్సిపాలు కరోల్ (ఎలిజబెత్ మిచెల్) మనసు గెలవడంతో గండం గడుస్తుంది. ఇది బాగానే ఆడింది, దాదాపు 17 కోట్ల డాలర్లు. 2006లో మూడోది వచ్చేసరికి సరుకు పలచనైంది. మార్టిన్ షార్ట్ వేసిన జాక్ ఫ్రాస్ట్ అనే విలన్ శాంటా పదవి కొట్టేసి, ఉత్తర ధ్రువాన్ని డబ్బులు గుంజే వినోదాల పార్కుగా మార్చేస్తాడు. థీమ్ పార్కుల మీద బతికే డిస్నీ కంపెనీయే ఆ మాట అనడం చిత్రం! వసూళ్లు 11 కోట్ల డాలర్ల దగ్గర ఆగిపోయాయి. అన్ని సినిమాల్లోనూ ఎల్ఫ్‌ల పెద్దగా ఉండాల్సిన బెర్నార్డ్ కూడా ఇందులో కనిపించడు. కరోల్‌కు కొడుకు పుట్టడంతో సినిమా ముగిసింది. అక్కడితో అయిపోయిందనే అందరూ అనుకున్నారు.

ఏటా అదే సినిమా

పదహారేళ్ల తర్వాత మళ్లీ ఎందుకు తవ్వితీశారు? దానికి జవాబు అమెరికా ఇళ్లలో ఉంది. సంక్రాంతికి అరిసెలు ఎన్నోసారి వండుతున్నామని ఎవరూ లెక్క పెట్టుకోరు. అక్కడ డిసెంబరులో సినిమాలూ అంతే. ఎర్రముక్కు జింక ‘రుడాల్ఫ్’ బొమ్మల కార్యక్రమం 1964లో వచ్చింది, ‘చార్లీ బ్రౌన్’ క్రిస్మస్ 1965లో. ఇప్పటికీ ఆ నెలలో తాతలు మనవలను పక్కన కూర్చోబెట్టుకుని చూస్తారు. కొత్తదనం కోసం కాదు, పాతదే మళ్లీ చూడాలని. 1996లో మొదలై ఏటా డిసెంబరులో టీవీలో నడిచే ‘25 డేస్ ఆఫ్ క్రిస్మస్’ కార్యక్రమంలో టిమ్ అలెన్ సినిమాలు తిరిగి తిరిగి వచ్చాయి. 1994లో ఎనిమిదేళ్ల వయసులో థియేటర్లో చూసిన పిల్లకు 2022 నాటికి ముప్ఫయి ఆరు. ఇప్పుడు టీవీ రిమోట్ ఆమె చేతిలో ఉంది. పక్కన ఆమె పిల్లలున్నారు.

2019 నవంబరులో డిస్నీ ప్లస్ మొదలయ్యాక కంపెనీవాళ్లు తమ పాత పెట్టెలన్నీ తెరిచారు. ‘హోమ్ ఎలోన్’ కథను 2021లో మళ్లీ తీశారు. ‘హోకస్ పోకస్’కు 2022లో రెండో భాగం వచ్చింది. ఇవన్నీ తల్లిదండ్రుల జ్ఞాపకాన్ని చూపించి పిల్లలకు చందా కట్టించే ఎత్తుగడలే. ‘శాంటా క్లాజెస్’ కూడా ఆ లెక్కలోనే పుట్టింది. కాకపోతే దీన్ని తయారుచేసిన జాక్ బర్డిట్ ఓ తెలివైన పని చేశాడు. పదహారేళ్లు గడవనట్టు నటించలేదు. గడిచాయనే కథ మొదలుపెట్టాడు.

సోయా పాలు తెచ్చిన పిల్ల

మొదటి సినిమాలో ఓ చిన్న ముచ్చట ఉంది. స్కాట్ శాంటాగా దిగిన తొలి ఇళ్లలో ఒకదాంట్లో సారా అనే చిన్నారి నిద్రలేచి, తన కోసం పెట్టిన పాలు తాగలేదేమని నిలదీస్తుంది. తనకు పాలు పడవంటాడు స్కాట్. మరుసటేడు వెళ్లేసరికి ఆ పిల్ల గుర్తుపెట్టుకుని సోయా పాలు పెట్టి ఉంచుతుంది. అరనిమిషం సీను. సిరీస్‌లో ఆ సారా మళ్లీ ఎదురవుతుంది. కేసీ విల్సన్ వేసింది. ఇప్పుడు నడివయసు మనిషి. చిన్నప్పటి ఆ రాత్రి నిజమా, కలా అన్నది ఆమెకే తెలీదు. మొదటి సినిమా చూసినవాళ్లకు గొంతులో ఏదో అడ్డుపడే ఘట్టం అది. పిల్లలకు మాత్రం ఈ అమ్మ ఎందుకు కళ్లు తుడుచుకుంటోందో అర్థం కాదు. చూసినవాళ్లకు ఒక కథ, చూడనివాళ్లకు ఒక కథ. సిరీస్ మొదటి సీజనంతా ఈ రెండు పట్టాల మీదే నడుస్తుంది.

ప్రపంచంలో శాంటాను నమ్మేవాళ్లు తగ్గుతున్నారు. దాంతో స్కాట్‌లోని మహిమ తగ్గుతోంది. బండి మీద అదుపు తప్పుతోంది. ఈలోగా ఒప్పందంలో రాజీనామాకూ ఓ నిబంధన ఉందని తెలుస్తుంది. అయితే ఆయన దిగిపోవాలనుకోవడానికి ఒంట్లో ఓపిక తగ్గడం ఒక్కటే కారణం కాదు, పిల్లలు కూడా. కొడుకు బడ్డీ (అందరూ కాల్ అంటారు), కూతురు సాండ్రా బయటి ప్రపంచం ఎరగరు. తోటి ఈడువాళ్లు లేరు. చుట్టూ ఉన్న ఎల్ఫ్‌లు చూడ్డానికి పిల్లల్లాగే ఉంటారు గానీ వయసు వందల ఏళ్లాయె! ఊళ్లో పిల్లలందరికీ పండగ తెచ్చే మనిషి ఇంట్లో సొంత పిల్లలు ఏం పోగొట్టుకున్నారో సినిమాలు మూడూ అడగలేదు. ఇది అడిగింది.

మనం ఆయన్ని ‘క్రిస్మస్ తాత’ అంటాం. తాత అనగానే బాధ్యతలన్నీ తీరిపోయి, మనవలకు మిఠాయిలు పంచే మనిషి కళ్లముందు మెదులుతాడు. ఈ సిరీస్‌లోని మనిషి తాత కాదు, నాన్న. బాధ్యతలు తీరని నాన్న. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక కూడా కోటు విప్పలేని నాన్న.

ఆ కూతురు సాండ్రాగా నటించింది అలెన్ సొంత కూతురు ఎలిజబెత్. వారసుల్ని తెరకెక్కించడం మన సినిమావాళ్లకు చెప్పి చేయించాల్సిన పని కాదు కనుక ఇందులో వింతేమీ కనిపించదు. కానీ కొన్ని సీన్లలో ఇద్దరూ నటిస్తున్నారన్న సంగతి మరచిపోతాం. ముఖ్యంగా ఆమె కసురుకున్నప్పుడు!

చోక్సీగారి డెలివరీలు

కుటుంబం షికాగోకు మకాం మారుస్తుంది. ఎర్రకోటు తొడుక్కునే అదృష్టం సైమన్ చోక్సీ అనే అతనికి పడుతుంది. ఆ పాత్ర వేసింది కల్ పెన్. అసలు పేరు కల్పేన్ మోదీ. న్యూజెర్సీలో గుజరాతీ తల్లిదండ్రులకు పుట్టాడు. మీరా నాయర్ ‘నేమ్‌సేక్’లో గొగోల్‌గా, టీవీలో ‘హౌస్’ వైద్యుల బృందంలో ఒకడిగా మనవాళ్లకు తెలుసు. మధ్యలో నటన పక్కనపెట్టి ఒబామా ప్రభుత్వంలో వైట్‌హౌస్‌లో ఉద్యోగం కూడా చేసొచ్చాడు. అమెరికా పండగ సినిమాల్లో భారతీయ మొహాలు కనిపించడమే తక్కువ. అలాంటిది శాంటా కోటు తొడుక్కున్న చోక్సీ! అక్కడ పెరుగుతున్న మన తెలుగు పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. పైగా రచయితలు అతని నోట వెటకారపు యాస పెట్టలేదు, కూరల వాసన మీద జోకులు వేయలేదు. మామూలు అమెరికన్ తండ్రిలాగే చూపించారు.

చోక్సీ ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ యజమాని. భార్య లేదు, ఒక్కతే కూతురు గ్రేస్. ఆ పాపకు క్రిస్మస్ అంటే ప్రాణం. నాన్నకు మాత్రం తీరిక తక్కువ. ఎక్కడో విన్నట్టుందా? 1994 నాటి స్కాట్ కాల్విన్ కూడా బొమ్మలు అమ్ముకునే, కొడుకుకు టైమివ్వలేని తండ్రే. ఇతను కొత్త విలనేమీ కాదు, ముప్ఫయ్యేళ్ల కిందటి హీరోనే మళ్లీ పుట్టాడు. అందుకే అతని మీద కోపం రాదు.

శాంటా పీఠమెక్కిన చోక్సీకి మహా వ్యాపార ఆలోచన వస్తుంది. ఏడాదికి ఒక్క రాత్రే ఎందుకు? ఇంత పెద్ద వర్క్‌షాపు, ఇంతమంది పనివాళ్లు, క్షణంలో ఎక్కడికైనా చేరే బండి ఉండగా రోజూ డెలివరీ చేయొచ్చుగా! అమ్మకాల లెక్కలో చూస్తే తప్పు పట్టలేని వాదన. కానీ రోజూ పండగైతే పండగకు విలువేముంటుంది? ఉత్తర ధ్రువంలో ఎల్ఫ్‌లు ఒక్కొక్కరే మాయమవడం మొదలవుతుంది. ఫోన్లో నొక్కిన మర్నాటికల్లా గుమ్మంలో పెట్టె ప్రత్యక్షమయ్యే రోజుల్లో, పిల్లలకు ఎదురుచూపులన్నవే లేకుండా పోతున్నాయన్న పెద్దల బెంగను ఇంతకంటే తేలిగ్గా చెప్పడం కష్టం. చెప్పింది నెలనెలా చందా వసూలు చేసే ఓటీటీ కంపెనీ అన్నది వేరే సంగతి.

ఎల్ఫ్‌ల విషయంలో కూడా మొదటి సీజను నిరాశపరచదు. బెట్టీ అనే కొత్త పెద్దగా వేసిన చిన్నారి మటిల్డా లాలర్ ఆఫీసు మేనేజరమ్మలా కళ్లతోనే పని చేయిస్తుంది. మూడో సినిమాలో కనిపించని బెర్నార్డ్ కూడా తిరిగొస్తాడు. పదహారేళ్ల వయసులో ఆ టోపీ పెట్టిన డేవిడ్ క్రమ్‌హోల్ట్జ్ నలభై నాలుగేళ్ల వయసులో మళ్లీ కనిపించినప్పుడు, పాత అభిమానులు ఈల వేయకుండా ఉండలేరు.

తప్పులు లేవా అంటే ఉన్నాయి. అందరికీ ‘మెర్రీ క్రిస్మస్’ చెప్పడం కూడా ఈ రోజుల్లో తంటా అయిపోయిందంటూ స్కాట్ అనే ఓ మాట మీద అమెరికాలో దుమారం లేచింది. ఎల్ఫ్‌లు అక్షరాల అట్టలు పట్టుకుని ‘శాంటా’ అని చూపించబోయి, అక్షరాలు తారుమారై ‘సేటన్’ అని, అంటే సైతాను అని చూపించే జోకు మీద కొందరు భక్తులు మండిపడ్డారు. మొదటిది అలెన్ సొంత అభిప్రాయాలను శాంటా నోట కుక్కడం. అది లేకపోయినా నష్టం లేదు. రెండోది మాత్రం చిన్నపిల్లల స్పెల్లింగ్ తప్పు స్థాయి జోకు. దానికి అంత రాద్ధాంతం అక్కర్లేదు.

కరోల్ సంగతే కొంచెం అన్యాయంగా అనిపిస్తుంది. రెండో సినిమాలో ఆమె స్కూలును ఒంటిచేత్తో నడిపిన ప్రిన్సిపాలు. ఉత్తర ధ్రువానికి వచ్చాక ‘శాంటాగారి భార్య’. ఆమె ఏం వదులుకుందో సిరీస్ గుర్తుచేస్తుంది గానీ ఎక్కువసేపు అక్కడ ఆగదు. పక్కనే ఉన్న చోక్సీ, ఎల్ఫ్‌లు, రెయిన్‌డీర్ల గోల అంతా మింగేస్తుంది. ఎలిజబెత్ మిచెల్ లాంటి నటి చేతిలో ఉండగా ఆ అవకాశం వదులుకోవడం తెలివైన పని కాదు.

రెండోసారి రద్దీ ఎక్కువైంది

మొదటి సీజను చివర్లో కోటు తిరిగి స్కాట్ ఒంటి మీదికే వస్తుంది. దాంతో 2023 నవంబరు 8న మొదలైన రెండో సీజన్లో ఆయన కొడుకు కాల్‌కు శిక్షణ మొదలుపెడతాడు. కుటుంబ వ్యాపారం అన్నమాట! ఇది మంచి ఆరంభమే. తనకు ఇష్టముందో లేదో అడక్కుండానే తండ్రి కుర్చీ కొడుకుకు రాసిపెట్టి ఉంటే ఏమవుతుంది? దుకాణాల్లో, పొలాల్లో, ఆసుపత్రుల్లో, సినిమాల్లో మనం రోజూ చూసే ప్రశ్న.

కానీ దాన్ని తేల్చడానికి తీరికెక్కడిది? వందల ఏళ్ల కిందట శాంటాగా ఉండి తిరిగొచ్చిన పిచ్చి శాంటా మాగ్నస్ (ఎరిక్ స్టోన్‌స్ట్రీట్) ఒక పక్క. శాంటా పేరుతో పార్కు నడుపుకునే క్రిస్ (గాబ్రియేల్ ఇగ్లేసియస్) ఇంకో పక్క. ఇద్దరూ నవ్విస్తారు. ఇద్దరికీ కథ పెట్టేసరికి తండ్రీకొడుకులు వెనకబెంచీకి వెళ్లిపోయారు.

ఈ సందడిలో కాస్త కొత్తగా ఉన్నది బెఫానా. ఇది అమెరికావాళ్లు కల్పించిన పాత్ర కాదు, ఇటలీ జానపదుల ముసలమ్మ. చీపురుకట్ట మీద వచ్చి జనవరి 5 రాత్రి మంచి పిల్లల మేజోళ్లలో మిఠాయిలు, అల్లరి పిల్లల మేజోళ్లలో బొగ్గు పెట్టి వెళ్తుందని అక్కడివాళ్ల నమ్మకం. లారా సాన్ జియాకొమో ఆ పాత్ర వేసింది. మంత్రవిద్య మీద మనసు పడ్డ సాండ్రాకు గురువవుతుంది. తమ్ముళ్లకో అన్నలకో కుర్చీ రాసిచ్చే ఇంట్లో ఆడపిల్ల తన దారి తానే వెతుక్కోవడం... రెండో సీజన్లో నిలిచే ముక్క ఇదొక్కటే.

పెద్దకొడుకు మాట

ఇన్నింటి మధ్య గుర్తుండిపోయేది మళ్లీ మొదటి సీజన్లోదే. వారసుడి కోసం వెతికేటప్పుడు స్కాట్‌కు ముందుగా గుర్తొచ్చేది చార్లీయే. నాన్న శాంటా అని కోర్టు వాళ్లు నమ్మకపోయినా తాను నమ్మిన పిల్లాడు. నాన్నకు ఆ కోటు తొడిగించినవాడు. చిన్నప్పుడు ఆ పాత్ర వేసిన ఎరిక్ లాయిడ్ పెద్దవాడయ్యాక తిరిగొచ్చి అదే పాత్ర వేశాడు. ఇప్పుడు చార్లీకీ పెళ్లయింది, పిల్లలున్నారు.

ఈ పదవికి అతని కంటే తగినవాడు లేడని చూసేవాళ్లందరికీ అనిపిస్తుంది. చార్లీ ఒప్పుకోడు. తన ఇల్లు, తన పిల్లలు తనకున్నారు. ఇందులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. శాంటా కొడుకుగా ఉండడం ఎలా ఉంటుందో ప్రపంచంలో అతని కంటే బాగా తెలిసినవాళ్లు లేరు కదా! ఆ జవాబు విని స్కాట్ ఏమీ అనలేడు.

చూడాలనుకునే వాళ్లకు ఓ మాట. ఎపిసోడ్లు అరగంట చొప్పునే ఉంటాయి కాబట్టి పిల్లలతో రోజుకొకటి చూసినా వారంలోపే ఒక సీజను పూర్తవుతుంది. కానీ నేరుగా సిరీస్ మొదలుపెట్టొద్దు. ముందు 1994 సినిమా చూడాలి. రెండోది చూస్తే సరదా, మూడోది మానేసినా ఇబ్బంది లేదు. మొదటి సినిమాలో విడాకులు, కోర్టు గొడవలు, శాంటా కప్పు మీదినుంచి పడిపోవడం ఉన్నాయి కాబట్టి మరీ చిన్న పిల్లలుంటే పక్కన కూర్చోవడం మంచిది. శాంటా నిజంగా ఉన్నాడా అని మధ్యలో వాళ్లు అడుగుతారు. జవాబు సిద్ధం చేసుకుని కూర్చోండి. సోయా పాల సీను వచ్చినప్పుడు మాత్రం ఫోన్ చూసుకోవద్దు, 2022లో దాంతో పని పడుతుంది.